మందు గుర్రానికా? పందేనికా?

చిలకలూరిపేటలో ఏ మందుల షాపులో అడిగినా లాసిక్స్ బిళ్ళ దొరుకుతుంది. కాళ్ళవాపుకీ, గుండెజబ్బుకీ డాక్టర్లు రాస్తారు. ఒంట్లో నిలిచిన నీటిని మూత్రంగా దించేస్తుంది. ఇదే మందును అమెరికాలో చాలా పందేల్లో, పరుగుకి నాలుగు గంటల ముందు గుర్రాలకు సూది పొడుస్తారంటే నమ్ముతారా?

కారణం లేకపోలేదు. శక్తికొద్దీ పరుగెత్తే గుర్రానికి ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడి పెరిగి సన్నని నాళాలు చిట్లుతాయి. లాసిక్స్ ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. రక్తస్రావం తగ్గేమాట నిజమేనని 2009లో వెలువడిన దక్షిణాఫ్రికా పరిశోధన తేల్చింది.

మరింకేం, మంచిదేగా అంటారా? అక్కడే ఉంది తిరకాసు! నీరు పోయి గుర్రం పది కిలోల దాకా తేలికవుతుంది, జోరు పెరుగుతుంది. దాంతో జబ్బు లేని గుర్రాలకీ పొడవడం మొదలెట్టారు. మలక్‌పేటతో సహా మన దేశపు పందేల్లో ఆ రోజు ఈ మందు నిషిద్ధం. కెంటకీ డెర్బీ కూడా 2021 నుంచి దీన్ని మానుకుంది.

కుంటే ఎద్దుని బండలాగుడుకి కట్టేవాణ్ణి మన పల్నాట రైతు అనరు. మిత్రులారా! నెత్తురు కక్కే గుర్రానికి కావలసింది విశ్రాంతి. సూది లేనిదే పరుగెత్తలేని గుర్రాన్ని పందెంలో దించకపోవడమే అసలైన వైద్యం.