జనాన్ని మోసిన బండికి తుక్కు కాటాయేనా?

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన బండి. అది చేతికందేలోపే, 1911లో, ఆయన పోయారు. వెనకాల సింహాసనం లాంటి ఎత్తు సీటు. తిరిగింది తక్కువ, మెరిసింది ఎక్కువ. వేసవి సెలవుల్లో ఆరేళ్ల మనవణ్ణి తీసుకెళ్లి చూపించాను. వాడు అటూ ఇటూ తిరిగి చూసి, "తాతయ్యా, దీంట్లో ఎంతమందిని ఎక్కించేవాళ్లు?" అన్నాడు. దొరవారి బండిరా, జనం ఎక్కేది కాదు అన్నాను. "మరి మన నాగాయలంక అంబాసిడర్లో పదిమంది ఎక్కేవాళ్లన్నావుగా, అదెక్కడ పెట్టారు?"

ఎక్కడా పెట్టలేదు. నా బాధంతా అదే.

నిజాం బండి మీద నాకు కోపం లేదు, ఆ పనితనానికి నేనూ నోరెళ్లబెట్టాను. కానీ మా దివిసీమలో అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే అవనిగడ్డకో బందరుకో పరిగెత్తింది ఏ బండి? ఆ అంబాసిడరే. ముందు సీటు బెంచీలా ఒకటే పొడుగు, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే. అందుకే ముందు ముగ్గురు సర్దుకునేవాళ్లు, డ్రైవరు సగం తలుపు మీదే కూర్చునేవాడు. డిక్కీ మూత పడక తాడుతో కట్టేవాళ్లు. వానకి సెల్ఫ్ అందుకోకపోతే ముందుకెళ్లి హ్యాండిల్ తిప్పడమే.

సముద్రపు ఉప్పుగాలికి మా వైపు బండ్లకి ముందు పోయేది అడుగు రేకే. కాళ్ల దగ్గర చిల్లులోంచి రోడ్డు పరిగెత్తడం కనిపించేది. పాత డ్రమ్ము రేకు కోసి అక్కడ వెల్డింగ్ పెట్టించేవాళ్లు. పెట్రోలు ఖర్చు భరించలేక విజయవాడ ఆటోనగర్‌కి తోలుకెళ్లి డీజిల్ ఇంజను వేయించేవాళ్లు. మళ్లీ కిరాయికి రోడ్డెక్కేది.

ఆ అతుకులే ఇప్పుడు దానికి శాపమయ్యాయి. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి రూల్స్ పెట్టింది. 50 ఏళ్లు దాటాలట. ఇంజను, ఛాసిస్, బాడీ మార్చకుండా మొదట ఉన్నట్టే ఉండాలట. కిరాయికి తిరగకూడదట. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. అంటే గుడ్డ కప్పి దాచుకున్నవాడి బండి చరిత్ర, ఊరంతటినీ మోసి అరిగిపోయింది తుక్కు! బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇక కొత్తది రాదు, ఉన్నవి కాటాకి పోతున్నాయి.

అద్దాల మేడలేం అడగడం లేదు. బందరులోనో అవనిగడ్డలోనో ఒక రేకుల షెడ్డు, అందులో మా వైపు తిరిగిన ఒక్క టాక్సీ. కొత్త పెయింటు వేయొద్దు, అతుకులు కనిపించేలా అలాగే ఉంచండి. పక్కన దాన్ని నడిపిన డ్రైవర్ల పేర్లు, టింకరింగ్ చేసిన మేస్త్రీల పేర్లు రాయండి. పిల్లల్ని మటుకు లోపలికెక్కి కూర్చోనివ్వండి. అప్పటి డ్రైవర్లు కొందరు ఇంకా ఉన్నారు, అడిగితే చెబుతారు. ఈలోగా దివిసీమలో ఎవరి గొడ్లసావిట్లోనైనా పాత అంబాసిడర్ పడి ఉంటే, దయచేసి తుక్కు కొట్టుకి తోలకండి.