రద్దీ తరాజు మీద మన తారీఖ్

రమ్జాన్‌కు ముందు ఇల్లు సఫాయీ చేసేటప్పుడో, కొత్త ఇంటికి మారేటప్పుడో మన ఇళ్లలో ఒక పని తప్పకుండా జరుగుతుంది. దాదా గారి సందూక్ తెరుస్తారు. ఖురాన్ షరీఫ్‌ను, హదీస్ కితాబులను అదబ్‌తో తీసి పైన పెడతారు. మిగతా కాగితాలన్నీ రద్దీవాలా తరాజు ఎక్కుతాయి. కిలోకు పదో పన్నెండో రూపాయలు. ఇంట్లో ఉర్దూ చదివేవాళ్లు తగ్గిపోయారు, పాత ఇంగ్లీష్ కితాబులు పిల్లలకు అక్కర్లేదు, దుమ్ము, చెదలు. అన్నీ నిజమే. అయినా ఆ ‘మిగతా కాగితాల’ తరఫున నాలుగు మాటలు చెప్పాలి.

నాది కాస్త అజీబ్ షౌక్. ఇరవై ఏళ్లుగా సెకండ్‌హ్యాండ్ కితాబులు జమ చేస్తున్నాను. అందులోనూ ఒక ఖాస్ రకం: జాసూసుల ఆత్మకథలు, కమ్యూనిజానికి ఖిలాఫ్‌గా అచ్చయినవి, వాటికి జవాబుగా కమ్యూనిస్టులు రాసినవి, హైదరాబాద్ రియాసత్ ఎలా కూలిపోయిందో చెప్పేవి. మా భైంసాలో పత్తికి మార్కెట్ ఉంది, జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. నా షౌక్‌కు సరిపడే దుకాణం మాత్రం లేదు. బాసరలో రైలెక్కి హైదరాబాద్ వెళ్తే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరుకుతాయి. యాభైకి ఒకటి, బేరమాడితే వందకు మూడు. వాటిలో చాలా కితాబుల మొదటి వరక్ మీద ఎవరో ఒకరి దస్తఖత్, తారీఖు ఉంటాయి. అంటే ఎవరి సందూక్‌లోంచో వచ్చినవే.

ఈ పిచ్చి ఉర్దూ మీడియం బడిలోనే పట్టుకుంది. మా తరం ఉర్దూ పిల్లల్లో ఇబ్నె సఫీని చదవనివాళ్లు తక్కువ. ఆయన 1952లో అలహాబాద్‌లో ‘జాసూసీ దునియా’ మొదలుపెట్టాడు. అదే ఏడాది పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1955 నుంచి ఇమ్రాన్ సిరీస్ రాశాడు. సరిహద్దుకు రెండు పక్కలా ఆయన్ను చదివారు. ఆ నవలల్లో ఎవరు ఎవరి మనిషో చివరికొచ్చేసరికి తేలిపోతుంది. డిగ్రీలో తెలుగు చదివి, అఖ్బార్ పనిలోకి వచ్చాక నాకు అర్థమైంది ఏమిటంటే, అసలు తారీఖ్‌లో అలా ఎవరూ తేల్చి చెప్పరు. కితాబ్ ఎవరి మనిషో చదివేవాడే కనిపెట్టుకోవాలి.

అందుకే ఏ కితాబ్ చేతికొచ్చినా నా మొదటి సవాల్ ఒకటే: దీనికి పైసా ఎవరు పెట్టారు?

‘ఎన్‌కౌంటర్’ అనే ఇంగ్లీష్ రిసాలా 1953లో లండన్‌లో మొదలైంది. పేరున్న అదీబులు, ఆలిములు అందులో రాశారు. దాని వెనకున్న సంస్థ పేరు కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్. 1950లో బెర్లిన్‌లో పుట్టి, మరుసటి ఏడాదే బొంబాయికి వచ్చింది. 1955లో మన దేశంలో ‘క్వెస్ట్’ పత్రిక తెచ్చింది. ఆ సంస్థకు సీఐఏ పైసా అందుతోందని 1966-67లో అమెరికా పత్రికలే బయటపెట్టాయి. రాసినవాళ్లలో చాలామంది మాకు తెలియనే తెలియదన్నారు.

రెండో పక్క చూడండి. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసిన కితాబులు విశాలాంధ్ర దుకాణాల్లో చాలా చవగ్గా దొరికేవి. ‘సోవియట్ భూమి’ తళతళలాడే పేజీలతో నోటుబుక్కులకు అట్టలేసుకున్నవాళ్లు ఇది చదివేవారిలో కూడా ఉంటారు. ఆ చవక వెనక సోవియట్ సర్కార్ ఖజానా ఉంది. తెలుగుతో సహా నాలుగు దక్షిణాది భాషల్లో చవక కితాబులు తేవడానికి 1955లో మద్రాసులో ఒక ట్రస్టు పెట్టారు. దానికి పైసా ఇచ్చింది అమెరికా ఫోర్డ్ ఫౌండేషన్.

మరైతే ఇవన్నీ ఝూట్ కితాబులా? కాదు. మాస్కో పైసాతో వచ్చినా గోర్కీ గోర్కీయే. సీఐఏ పైసాతో వచ్చినా మంచి వ్యాసం మంచి వ్యాసమే. పైసా ఎవరిదో తెలిసినంత మాత్రాన కితాబ్ చెడిపోదు. చదివే కన్ను కాస్త హుషారుగా ఉంటుంది, అంతే.

అందుకే నేను కితాబులను జోడీలుగా కొంటాను. మన దేశంలో అమెరికా రాయబారిగా చేసిన మోయినిహాన్ 1978లో ‘ఎ డేంజరస్ ప్లేస్’ రాశాడు. కేరళలో ఒకసారి, బెంగాల్‌లో ఒకసారి కమ్యూనిస్టులు గెలవకుండా కాంగ్రెస్ పార్టీకి తమ దేశం పైసా ఇచ్చిందని అందులో చెప్పాడు. దాని పక్కన 2005లో వచ్చిన మిత్రోఖిన్ కితాబ్ రెండో భాగం పెట్టాను. కేజీబీ మన దేశంలో ఎవరెవరికి పైసా ఇచ్చిందో చెప్పే దావాలు అందులో ఉన్నాయి. ఒక్క కితాబే చదివినవాడు సగం తెలిసిన మనిషి. ఆ సగంతోనే అతడు చాయ్ హోటల్లో గొంతు పెంచుతాడు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. సెప్టెంబర్ 17 వస్తే ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, మన బుజుర్గులు సుఖూతె హైదరాబాద్ అంటారు. ఎవరి పేరు వాళ్లది, ఎవరి కితాబ్ వాళ్లది. ఇండియా తరఫున రియాసత్‌ల పని చూసిన వి.పి. మీనన్ కితాబ్ 1956లో వచ్చింది. హైదరాబాద్‌లో ఇండియా ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ 1957లో రాశాడు. రియాసత్ ఆఖరి వజీరె ఆజం మీర్ లాయఖ్ అలీ 1950లో నజర్‌బంద్ నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు, 1962లో ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ తెచ్చాడు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై 1972లో రాశాడు. నలుగురూ కళ్లారా చూసినవాళ్లే. నలుగురికీ కాపాడుకోవాల్సిన మాట ఒకటుంది.

ఇందులో అసలు జాసూస్ కూడా ఉన్నాడు. సిడ్నీ కాటన్ ఆస్ట్రేలియావాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ గూఢచారి శాఖ కోసం విమానం నుంచి జర్మనీ ఫోటోలు తీశాడు. అదే మనిషి 1948లో కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో హైదరాబాద్ రియాసత్‌కు హథియార్లు చేరవేశాడు. 1969లో వచ్చిన తన ఆత్మకథలో ఆ కథ చెప్పుకున్నాడు. ఆయనకు అదొక సాహసం. ఇక్కడి మామూలు ముస్లిం కిసాన్‌కు, నేత పనివాడికి అందులో హిస్సా లేదు. లెక్క చెల్లించింది మాత్రం వాళ్లే.

1948 మే నెల సంగతి తీసుకోండి. నిజాం సర్కార్ కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. ఇండియా వైపు రాసినవాళ్లు దీన్ని రజాకార్లకూ కమ్యూనిస్టులకూ దోస్తీ కుదిరిందనడానికి సబూత్‌గా చూపించారు. సుందరయ్య కితాబ్ తెరిస్తే పల్లెపల్లెనా రజాకార్లతో లడాయే కనిపిస్తుంది. ఆ సెప్టెంబర్‌లో వచ్చిన ఫౌజ్ రజాకార్ల పని కొద్దిరోజుల్లో ముగించి, ఆ తర్వాత కమ్యూనిస్టుల మీదికి మళ్లింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా అది నడిచింది. ‘కమ్యూనిస్టు ఖత్రా’ అనే మాటను ఎవరి అవసరానికి వాళ్లు వాడుకున్నారు. జోడీ కితాబులు లేకపోతే ఇది కనపడదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ గుండెకు తగిలే కాగితం. పోలీస్ యాక్షన్ తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్‌ను, ఖాజీ అబ్దుల్ గఫార్‌ను, మౌలానా అబ్దుల్లా మిస్రీని పంపాడు. 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని వాళ్ల అందాజా. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటి. మా ముధోల్ తాలూకా ఆ రోజుల్లో నాందేడ్ జిల్లాలోనే ఉండేది, 1956లో ఆదిలాబాద్‌లో కలిసింది. సర్కార్ ఆ రిపోర్టును దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. ఒమర్ ఖాలిదీ 1988లో తన సంకలనంలో కొంత భాగం అచ్చువేశాడు. 2013లో ఎ.జి. నూరానీ తన కితాబ్‌లో పూర్తిగా ఇచ్చాడు. అదే రిపోర్టులో రజాకార్ల జుల్మ్ ప్రస్తావన ఉంది. ముస్లిం పడోసీలను కాపాడటానికి ప్రాణాలకు తెగించిన హిందువుల ప్రస్తావనా ఉంది. ఈ మూడూ కలిపి చదవాలి. ఒకటి దాచి రెండు చదివితే అది తారీఖ్ కాదు, తక్రీర్.

మన పిల్లలకు స్కూల్లోనూ, ఫోన్లోనూ 1948 ముస్లిం అంటే రజాకార్ ఒక్కడే కనిపిస్తాడు. రజాకార్లకు ఖిలాఫ్‌గా రాసినందుకు 1948 ఆగస్టులో ఖతం చేయబడ్డ ‘ఇమ్రోజ్’ ఎడిటర్ షోయబుల్లా ఖాన్ కూడా ముసల్మానే. ఎర్ర జెండా పట్టిన షాయర్ మఖ్దూం మొహియుద్దీన్ కూడా ముసల్మానే. విసునూరు దేశ్‌ముఖ్‌తో తన జమీన్ కోసం లడాయి చేసి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ కూడా ముసల్మానే. వీళ్ల గవాహీ ఉన్నది ఆ పాత అఖ్బార్లలో, రిసాలాల్లో, పార్టీ కితాబుల్లో. మనం తరాజు ఎక్కిస్తున్నది వాటినే.

ఒక డర్ గురించి కూడా సాఫ్‌గా మాట్లాడుకుందాం. ‘మన ఊరి పేరు ఫసాద్ అయినప్పుడే టీవీలో వస్తుంది. మన ఇంట్లో జాసూసీ కితాబులు, కమ్యూనిస్టు కితాబులు ఎందుకు బేటా?’ అని మా అమ్మీ ఇప్పటికీ అడుగుతుంది. ఆమె ఫిక్ర్‌ను నేను తేలిగ్గా తీసుకోను. 2011లో డాక్టర్ బినాయక్ సేన్‌కు బెయిల్ ఇచ్చినప్పుడు సుప్రీంకోర్టే ఒక మాట అడిగింది, ఇంట్లో గాంధీ ఆత్మకథ దొరికినంత మాత్రాన గాంధేయవాది అయిపోతాడా అని. ఆ సవాల్ మనకు ధైర్యం ఇవ్వాలి. దానితోపాటు ఎహ్తియాత్ కూడా ఉండాలి. అచ్చువేసినవాళ్ల పేరు, సాల్ స్పష్టంగా ఉన్న, దుకాణాల్లో బాజాప్తాగా అమ్మిన కితాబులే నేను కొంటాను. నిషేధిత సంస్థల కరపత్రాల జోలికి వెళ్లను. అలమారీ తలుపు అద్దానిదే పెట్టించాను. దాచుకోవాల్సింది ఏదీ లేనప్పుడు దాచినట్టు కనిపించకూడదు.

మన దీన్ ఈ సంగతిలో మనకు రాస్తా చూపిస్తోంది. సూరె హుజురాత్ ఆరో ఆయత్‌లో, నమ్మదగనివాడు ఖబర్ తెస్తే తహ్ఖీఖ్ చేసుకోమని హుకుం ఉంది. అదే సూరా పన్నెండో ఆయత్‌లో తజస్సుస్, అంటే ఒకరి రహస్యాలు తవ్వడం, మనా. జాసూస్ అనే లఫ్జ్ ఆ మాట కుటుంబంలోదే. జాసూసీ చేయొద్దు, ఖబర్‌ను మాత్రం పరఖాయించు. కితాబులు జోడీగా పెట్టి చదవడం నాకు ఆ రెండో పనిలా కనిపిస్తుంది.

కాబట్టి అర్జీ ఇది. రద్దీవాలాను పిలిచే ముందు ప్రతి కితాబ్ మొదటి రెండు వరక్‌లు తిప్పండి. ఎక్కడ, ఏ సాల్‌లో, ఎవరు అచ్చువేశారో చూడండి. ఉర్దూ రాకపోతే మస్జిద్‌లో ఇమాం సాబ్‌నో, ఉర్దూ మీడియం టీచర్‌నో అడగండి. 1960కి ముందు హైదరాబాద్‌లో అచ్చయినది ఏదైనా, చేతిరాతలో ఉన్నది ఏదైనా ఫోటో తీయకుండా ఇవ్వకండి. ఇంట్లో పెట్టుకునే జాగా లేకపోతే లైబ్రరీకో, చదివేవాళ్లకో ఇవ్వండి. మీకు నచ్చని మాటలు రాసిన కితాబ్‌ను కూడా పారేయకండి, దుష్మన్ గవాహీ కూడా గవాహీయే.

పిల్లలకు నేర్పాల్సింది ఒక్క సవాలే. ఫోన్లో ఏ వీడియో వచ్చినా, చేతికి ఏ కితాబ్ వచ్చినా, మన వైపు మాట్లాడేదైనా ఎదుటివైపు మాట్లాడేదైనా: దీనికి పైసా ఎవరు పెట్టారు బేటా?