పట్టికకు తగిన పని

అడ్డువరుసలును నిలువువరుసలును గల పట్టిక పాఠశాలకు నిత్యావసరమైన సాధనము. హాజరు పుస్తకము, కాలపట్టిక, మార్కుల జాబితా, ఇవి యన్నియు పట్టికలే. ఒక గడిలో 62 అను సంఖ్య యున్నచో, పైనున్న ‘గణితము’ అను శీర్షికయు, ప్రక్కనున్న విద్యార్థి పేరును చేరినప్పుడే దానికి అర్థము కలుగుచున్నది.

నేడు కంప్యూటరు తరగతిలో బాలబాలికలు వెబ్ పుటలు తయారు చేయుట నేర్చుచున్నారు. వారిలో కొందఱు పుటనంతను ఒక పెద్ద పట్టికగా చేసి, ఎడమ గడిలో సూచికను, నడిమి గడిలో విషయమును, కుడి గడిలో బొమ్మలను అమర్చుచున్నారు. చూచుటకు ముచ్చటగానే యుండును. అయినను ఈ పద్ధతి విడువదగినదని మా యభిప్రాయము.

ఈ యలవాటు పుట్టుటకు కారణము లేకపోలేదు. 1990 దశకము నడుమ బ్రౌజర్లలో పట్టికలు వచ్చిననాడు పుటను నిలువు భాగములుగా విభజించుటకు అంతకంటె అనువైన సాధనము లేకుండెను. ఖాళీ స్థలమును నిలుపుటకై కంటికి కానరాని చిన్న బొమ్మలను సైతము గడులలో నుంచిరి. నాటివారిని తప్పుపట్టజాలము. కాని 1996లోనే పుట రూపమును వేఱుగ నిర్ణయించు సి.ఎస్.ఎస్. మొదటి ప్రమాణము వెలువడెను. కేవలము అమరికకై పట్టికను వాడరాదని 1999 నాటి హెచ్.టి.ఎం.ఎల్. 4.01 ప్రమాణము హెచ్చరించెను. 2017లో ప్రధాన బ్రౌజర్లు ‘గ్రిడ్’ అమరికను స్వీకరించినవి. ఇక పాత సాకు చెల్లదు.

“కంటికి బాగుగ నున్నప్పుడు మార్చుట యేల?” అని యడుగువారు కలరు. కంటితో చదువలేనివారును కలరు గదా! అంధులు స్క్రీన్ రీడరు వినిపింపగా విందురు. అది గడులను వ్రాసిన క్రమముననే, ఒక్కొక్క యడ్డువరుసగా చదువును. అమరికకై విషయమును ముక్కలు చేసి గడులలో నుంచినచో, ఎడమ భాగపు మాటయు కుడి భాగపు మాటయు కలగాపులగముగా వినబడును. చిన్న ఫోను తెరపై వెడల్పైన పట్టిక యిముడకపోవుట మఱియొక చిక్కు.

అట్లని పట్టికనే బహిష్కరింపరాదు. మార్కులను పట్టికలోనే చూపవలెను. శీర్షిక గడులకు ‘టి.హెచ్.’ గుర్తు తప్పక పెట్టవలెను. అప్పుడు అంధ విద్యార్థికి వట్టి 62 గాక, ‘గణితము, 62’ అని వినబడును. తన ఫలితమును ఇతరుల సాయము లేక తానే తెలిసికొనుట స్వల్ప విషయమా?

కావున విద్యార్థులారా, పట్టిక గీయుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: వరుసల శీర్షికలు తీసివేసినచో గడిలోని మాటకు అర్థము చెడునా? చెడునేని పట్టిక వాడుడు. చెడదేని ఆ పని సి.ఎస్.ఎస్.కు విడువుడు. ఉపాధ్యాయులును పుట సొగసునకే మార్కులు వేయక, కనులు మూసికొని దానిని ఒకమాఱు విని మఱీ వేయుదురుగాక.