షెడ్డులో నిద్రించే స్పోర్ట్స్ కారు

వాల్తేరు వైపునుంచి హౌరాకు రైలులో వెళ్ళే తెలుగువారు టికియాపారాను చూడకుండా ఉండరు. పేరు గుర్తుండకపోవచ్చు, అంతే. ఖరగ్‌పూర్ దాటి, సాంత్రాగాచి, రామరాజాతల, దాస్‌నగర్ ఒకటొకటిగా వెనుకబడిన తరువాత హౌరాకు ముందు వచ్చే చివరి స్టేషను అది. ప్రయాణికులు సామానులు సర్దుకొని తలుపు దగ్గరకు చేరిన సమయానికి బండి ఏ కారణమూ చెప్పకుండా ఆ చుట్టుప్రక్కల నిలిచిపోవడం కద్దు. కిటికీలోనుంచి చూస్తే కడగడానికి నిలబెట్టిన రైలుపెట్టెల బారులు, వాటి కవతల రేకుల కప్పులు కనిపిస్తాయి. ఆ కప్పుల క్రింద ఉన్నవానికీ, కలకత్తాలో ఏ పాత భవనపు పెరటిలోనో దుమ్ము పట్టి ఉన్న స్పోర్ట్స్ కారుకూ దగ్గరి సంబంధం ఉంది.

హౌరా నగరానికి ‘తూర్పు దేశపు షెఫీల్డు’ అని పేరు. టికియాపారా మీదుగా సాగే బెలిలియస్ రోడ్డులోను, దాని సందులలోను లేతు మిషన్లు, పోత కొలుములు, పళ్ళచక్రాలు కోసే యంత్రాలు ఇరుగుపొరుగు ఇళ్ళవలె ఆనుకొని ఉంటాయి. అమెరికా నగరవీధులలో పరచిన మ్యాన్‌హోలు మూతలలో అనేకం హౌరా కొలుములలో పోతపోసినవే. ఇక్కడి పనివాణ్ణి ‘మిస్త్రీ’ అంటారు. అతని చేతికి ఒక అరిగిపోయిన భాగాన్ని ఇస్తే, దానిని అటూ ఇటూ త్రిప్పి చూచి, కొలిచి, కొత్తది చేసి ఇస్తాడు. కొత్త కారు గలవానికి ఈ సందులతో పని లేదు. కర్మాగారం మూతపడి దశాబ్దాలు గడచిన కారును కొన్నవాడు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఇటు రాక తప్పదు.

కలకత్తాలో అటువంటి కార్లు మిగిలి ఉండడానికి కారణాలు లేకపోలేదు. 1911 దాకా బ్రిటిషు పాలనకు రాజధాని ఇది. ఆ తరువాతకూడ జనపనార మిల్లుల దొరలు, తేయాకు కంపెనీల అధికారులు, జమీందారీ కుటుంబాలవారు మోటార్లమీద మోజు తీర్చుకొన్న నగరం. స్వాతంత్ర్యానంతరం విదేశీ కార్ల దిగుమతిపై ఆంక్షలు బిగిశాయి. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే సంస్థలు ఇక్కడే ఉత్పత్తికి పూనుకోవాలని ప్రభుత్వం పట్టుబట్టగా, జనరల్ మోటార్స్ సంస్థ 1954లో బొంబాయి కర్మాగారాన్ని మూసుకొని వెళ్ళిపోయింది. దానితో అప్పటికి దేశంలో ఉన్న కార్లకే విలువ కట్టవలసి వచ్చింది. ‘స్టేట్స్‌మన్’ పత్రిక 1968లో కలకత్తాలో పాత కార్ల ర్యాలీని ఆరంభించిన తరువాత, తుక్కుగా ఎంచిన బండ్లను దులిపి చూచుకొనే అలవాటు మరికొందరికి పట్టుబడింది.

ర్యాలీలో మెరుగుపెట్టిన ఎం.జి. కారు సాగిపోతుంటే చూచినవానికి ఒక కోరిక పుడుతుంది. వెంటనే ఎవరో చెవిలో ఊదుతారు: ఫలానా వీధిలో, ఫలానావారి షెడ్డులో, అదే రకం బండి ముప్పై ఏళ్ళుగా కదలకుండా ఉన్నదట. యజమాని గతించాడు, కొడుకులు విదేశాలలో ఉన్నారు, స్థలం ఖాళీ అయితే చాలునంటున్నారు. ధర వింటే నమ్మశక్యం కాదు. ఏనుగును కొని అంకుశానికి వెనుకాడినట్లని మనలో సామెత. ఇక్కడ ఏనుగు చవుక, అంకుశమే పిరం.

అసలు ప్రమాదం ధరలో లేదు. షెడ్డులో వదలివేసిన కారు, కప్పు కారకపోతే, ముప్పై నలభై ఏళ్ళు నిలువగలదు. తుప్పు పడుతుంది, ఎలుకలు సీట్లను కొరుకుతాయి, టైర్లు నేలకు అంటుకొంటాయి. అయినా బండి ఒక్కచోట ఉంటుంది. దానిని ఉత్సాహవంతుడు ఒకడు కొని, మొదటి ఆదివారమే స్పానరు పట్టుకొని విప్పడం మొదలుపెడితే మూడు వారాలలో అది నాలుగు వందల ముక్కలవుతుంది. తలుపులు డెంటింగు చేసేవాని వద్ద, రేడియేటరు ఇంకొకని వద్ద, బోల్టులు ఏ బిస్కెట్ల డబ్బాలోనో చేరతాయి. ఆపైన డబ్బు చాలదు. లేదా బదిలీ అవుతుంది. లేదా ఇంట్లో పెళ్ళి తలపెడతారు. రెండేళ్ళ తరువాత డెంటింగువాడు దుకాణం మార్చివేస్తాడు. ఆ బండి ఇక కారు కాదు, తూకానికి అమ్మే ఇనుము. అలక్ష్యం చంపలేని కారును అభిమానం చంపుతుంది. కొనబోయేవాడు ముందుగా ఆలోచించవలసినది కారు స్థితిని గురించి కాదు, తన స్థితిని గురించి.

ముట్టుకోకుండా ఉంచడానికికూడ విలువ ఉందని 2015 ఫిబ్రవరిలో పారిస్ వేలంపాట చాటింది. రోజే బాయాన్ అనే ఫ్రెంచి వ్యాపారి సేకరించి, వ్యాపారం చెడిన తరువాత పాకలలో వదలివేసిన సుమారు 60 కార్లు అక్కడ అమ్మకానికి వచ్చాయి. వాటిలో ఒక ఫెరారీ 250 జి.టి. కాలిఫోర్నియా స్పైడరు పాత పత్రికల దొంతరల క్రింద బయటపడింది. దుమ్ముకూడ సరిగా తుడవకుండా పాటకు పెడితే కోటీ అరవై లక్షల యూరోలకు పైగా పలికింది. మన షెడ్డులలో ఫెరారీలు దొరకవన్నది వేరే సంగతి. కాని విప్పని బండిలో ఉండే సాక్ష్యం, అంటే ఏ తీగ ఎటు పోయిందో, ఏ వాషరు ఎక్కడ కూర్చున్నదో తెలిపే ఆనవాలు, విప్పిన మరుక్షణం పోతుందన్నది ఫెరారీకీ ఎం.జి.కీ సమానమే.

ఇక చూడవలసినవి. ఎం.జి. టి.సి. అనే రెండు సీట్ల కారునే తీసుకొందాం. 1945 నుంచి 1949 వరకు ఇంగ్లండులో సుమారు 10,000 తయారైనవి. సన్నని చువ్వల చక్రాలు, బారైన బానెట్టు, నిటారైన రేడియేటరు. స్పోర్ట్స్ కారు అనగానే ఒక తరానికి స్ఫురించిన రూపమిదే. ఈ కారు పైకి ఇనుమే అయినా లోపల కొయ్య. ఛాసీపైన ‘ఆష్’ అనే కలపతో చట్రం కట్టి, దానికి రేకులు తాపడం చేశారు. బెంగాలు వర్షాలకు, చెదలకు ముందు లొంగేది ఆ చట్రమే. తలుపును కొద్దిగా తెరచి పైకెత్తి చూస్తే తెలుస్తుంది. తలుపుతోపాటు స్తంభంకూడ ఊగితే లోపల కలప లేదు, పొట్టు ఉంది. క్రికెట్టు స్టంపులకు వాడే జాతి కనుక ఆష్ వంగి మళ్ళీ నిలుస్తుంది. టేకుతో సరిపెట్టుకొనేవారున్నారు, చెద పట్టదు గాని, ఆ సాగే గుణం టేకుకు రాదు. పైన నిగనిగలాడే రంగు ఉంటే ఇంకా అనుమానించాలి. నిజాయితీగల తుప్పును నమ్మవచ్చు, నిన్నగాక మొన్న పూసిన రంగును నమ్మరాదు.

ఇంజను పట్టుకుపోయి ఉన్నదని తెలియగానే బేరం తగ్గుతుంది. అది మంచిదే. అయితే అమ్మేవాడు వేరొక బండికి కట్టి లాగించి ‘స్టార్టు చేసి చూపిస్తా’నంటే ఒప్పుకోరాదు. ఏళ్ళ తరబడి కదలని పిస్టను రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అతుక్కొని ఉంటాయి. బలవంతంగా త్రిప్పితే రింగులు విరుగుతాయి, గోడ గీసుకుపోతుంది. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలలో పలుచని నూనె పోసి, కొన్ని రోజులు ఆగి, చేతితో అటొక వీసం ఇటొక వీసం కదపాలి. ఓర్పు లేనివానికి ఈ ఒక్క పనిలోనే తన సంగతి తెలిసిపోతుంది.

టి.సి. ఇంజనులో మరొక తిరకాసు ఉంది. 1250 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజనులో సిలిండరు వ్యాసం 66.5 మిల్లీమీటర్లు, పిస్టను పోటు 90 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు కారుకు అంగుళాలుండాలి గదా, మిల్లీమీటర్లు ఎందుకు వచ్చాయి? కవెంట్రీలో మోరిస్ సంస్థ నడిపిన ఇంజన్ల కర్మాగారం పూర్వం హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీది. యంత్రాలు మెట్రిక్ కొలతలవి. యంత్రాలు మార్చడం ఖర్చు గనుక బోల్టు మరచుట్లను మెట్రిక్‌లోనే కోసి, ఇంగ్లీషు మెకానిక్కుల స్పానర్లకు సరిపడేటట్లు తలలను మాత్రం విట్‌వర్త్ కొలతలో చేశారు. తల ఒక దేశానిది, మొండెం మరొక దేశానిది. పైగా ఆ మరచుట్లు బజారులో దొరికే మామూలు మెట్రిక్ బోల్టులకన్న సన్ననివి. ఈ సంగతి ఎరుగనివాడు దగ్గరగా ఉన్న బోల్టును తెచ్చి, బలంగా బిగించి, సిలిండరు బ్లాకులోని మరను చెరిపివేస్తాడు. ఎనభై ఏళ్ళ నాటి పోత ఇనుము. మళ్ళీ మర వేయించాలంటే రంధ్రం పెద్దది చేసి లోపల తొడుగు వేయవలసి వస్తుంది. బెలిలియస్ రోడ్డు వంటి చోట లేతుమీద చేయించిన పది బోల్టులు ఆ బ్లాకును కాపాడతాయి.

పోతపనిలోనూ ఇటువంటి సూక్ష్మం ఉంది. పగిలిన నీటిపంపు తొడుగును తీసుకువచ్చి దీనినే అచ్చుగా పెట్టి మరొకటి పోయమనడం చాలామంది చేసే పని. కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది. పోత ఇనుము నూటికి ఒక వంతు, అల్యూమినియం అంతకు కొంచెం ఎక్కువ తగ్గుతాయి. పాత భాగాన్నే అచ్చుగా వాడితే కొత్తది ఆ మేరకు చిన్నదై, బోల్టు రంధ్రాలు ఒకదానికొకటి కలియవు. అనుభవం గల పోతమేస్త్రీ పాతదానికి పైపూత వేసి పెంచుతాడు, లేదా కొయ్యతో వేరే అచ్చు చేయిస్తాడు. అందుకు అడిగే మొత్తాన్ని చూచి బేరమాడేవాడు రెండవసారి మళ్ళీ ఇవ్వవలసి ఉంటుంది.

అందరూ టి.సి.తో కుస్తీ పట్టనక్కరలేదు. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే కారు మన దేశంలో దొరికితే, దానికొక అదృష్టం తోడుగా ఉంది. దాని తొలి ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ‘బి’ వర్గానికి చెందినది. హౌరాకు ఎగువన, గంగ ఒడ్డునే ఉన్న ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దశాబ్దాలపాటు అంబాసిడరుకు బిగించిన పెట్రోలు ఇంజనూ ఆ కుదురుదే. వ్యాసమూ పోటూ ఒక్కటే. ఒకటి రెండు కార్బురేటర్లతో పరుగులు తీసిన దొరబిడ్డ, మరొకటి ఐదుగురినీ వారి పరుపుచుట్టలనూ మోసిన ఇంటి పెద్దకొడుకు, రక్తం ఒకటే. అన్ని భాగాలూ యథాతథంగా అమరవు. ఏది సరిపోతుందో కొలిచి చూచుకోవాలి. అయినా మల్లిక్ బజారులోని పాతసామాను అంగళ్ళలో వెదికే ఎం.జి.ఎ. యజమానికి ఇంగ్లండు వ్రాయనక్కరలేని సందర్భాలు ఉంటాయి. 2014 మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడరు ఉత్పత్తి ఆగిపోయింది. ఆ అంగళ్ళలోని గుట్టలకు కొత్తగా వచ్చి చేరేది ఇక లేదు.

పెట్రోలును గురించి ఒక మాట. 2000లో దేశమంతటా సీసం కలపని పెట్రోలు వచ్చింది. సీసం ఉన్న రోజుల్లో తయారైన వాల్వు పీఠాలు దానికి త్వరగా అరుగుతాయి కనుక, హెడ్డు విప్పిన అదనులోనే గట్టి లోహపు పీఠాలు వేయించడం మేలు. ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరవై వంతులు ఎథనాలు కలుపుతున్నారు. ఆనాటి రబ్బరు గొట్టాలు, కార్కు బిళ్ళలు దానికి మెత్తబడి కారతాయి. తొలిసారి ఇంజను పలికిన సంతోషంలో మంట అంటుకొన్న తరువాత ఈ విషయం తెలిసి ప్రయోజనం లేదు.

కాగితాలు చివర చూస్తారు, మొదట చూడాలి. పాత కుటుంబాల కార్లకు వారసులు అనేకులు. ఒక తమ్ముడు అమ్మితే మరొక అన్న కోర్టుకు వెళ్ళవచ్చు. రిజిస్ట్రేషను పుస్తకం ఉండాలి. అందులోని ఛాసీ సంఖ్య, ఇంజను సంఖ్య బండిమీది వానితో కలియాలి. కేంద్రప్రభుత్వం 2021 జులైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషను నాటినుంచి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ప్రత్యేకంగా ‘వి.ఎ.’ అక్షరాలతో నమోదు చేస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది, పునరుద్ధరణకు 5,000. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకొనడానికి నడపవచ్చు గాని, నిత్యం ఆఫీసుకు వెళ్ళిరావడానికి వీలులేదు. ఛాసీ, బాడీ, ఇంజను గణనీయంగా మార్చిన బండికి ఈ గౌరవం దక్కదు. వేరే ఇంజను పెట్టి సులువుగా నడుపుకొందామనుకొనేవారు ఈ నిబంధనను ముందే చదువుకోవాలి.

ఇవన్నీ కూడుకొన్న తరువాతకూడ కొనదలచినవాడు ఒక్కొక్క భాగాన్నే విప్పి, బాగుచేసి, తిరిగి బిగించి, ఆ తరువాతనే మరొకదానిని ముట్టుకోవడం శ్రేయస్కరం. మొదట బ్రేకులు, పిదప ఇంధనపు గొట్టాలు, ఆపైన విద్యుత్తు తీగలు. మెరుగు, రంగు ఆఖరున. విప్పే ప్రతిదానికీ ముందు ఒక ఛాయాచిత్రం తీసుకోవాలి. ప్రతి బోల్టుకూ చీటీ కట్టాలి.

అటువంటి చీటీతో ఒక బోల్టును రుమాలులో చుట్టుకొని హౌరా వంతెన దాటి వచ్చినవాణ్ణి మిస్త్రీ వెంటనే పని మొదలుపెట్టి సంతోషపెట్టడు. బోల్టును వెలుతురులో పట్టి చూచి, అది బిగుసుకొనే నట్టు ఏదని అడుగుతాడు. తేలేదంటే, రేపు తీసుకురమ్మని చెప్పి, తన లేతు వైపు తిరుగుతాడు.