లెక్కకు రాని మరణం, అడగలేని హక్కు

ప్రజలు ఏ వ్యాధితో మరణిస్తున్నారో తెలియకుండా ఆరోగ్య పథకాలు రచించడం చీకట్లో రాయి విసరడమే. మన దేశంలో నేటికీ జరుగుతున్నది అదే. 2020లో దేశమంతటా నమోదైన మరణాలు సుమారు 81 లక్షలు. వాటిలో కారణాన్ని వైద్యుడు ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. అంటే నమోదైన ప్రతి వంద మరణాలలో డెబ్బై ఏడింటికి మరణకారణం వైద్యుని సంతకంతో నిర్ధారణ కాలేదు.

లెక్కకు ఎంత బలమున్నదో పాముకాటు ఉదంతం చెబుతుంది. ఆసుపత్రుల లెక్కల ప్రకారం దేశంలో పాముకాటు మరణాలు ఏటా కొద్ది వేలు మాత్రమేనని చాలాకాలం భావించారు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంతో కలిసి ఆచార్య ప్రభాత్ ఝా బృందం చేపట్టిన 'మిలియన్ డెత్ స్టడీ'లో శిక్షణ పొందిన సిబ్బంది మరణం సంభవించిన ఇళ్లకే వెళ్లారు. చివరి రోజులలో రోగి లక్షణాలను కుటుంబ సభ్యులను అడిగి రాసుకున్నారు. ఆ వివరాలను ఇద్దరు వైద్యులు విడివిడిగా పరిశీలించి కారణం నిర్ణయించారు. 2005లో పాముకాటుకు సుమారు 46,000 మంది బలయ్యారని ఆ పరిశోధన అంచనా వేసింది. అందులో దాదాపు 6,200 మరణాలు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి. పాముకాటు మృతులలో నలుగురిలో ఒకరు కూడా ఆసుపత్రిలో చనిపోలేదు కనుక ఆసుపత్రి లెక్కలకు వారు కనబడలేదు. నిజం బయటపడిన తరువాత, ఆలస్యంగానైనా 2024లో పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. లెక్క ముందు వచ్చింది, మందు తరువాత వచ్చింది.

ఇక మన సంగతి. ముస్లిముల శిశుమరణాలు జాతీయ సగటు కంటె కొంత తక్కువని 2006లో సచార్ కమిటీ నమోదు చేసింది. సంతోషమే. కాని ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని 'వీరి ఆరోగ్యానికి కొదవ లేదు' అనేవారిని మేము సూటిగా అడుగుతున్నాము: బ్రతికి పెద్దవాడైన ఆ బిడ్డ ఏ వయస్సులో, ఏ జబ్బుతో పోతున్నాడు? నిజామాబాదులో ఇంటి గడపలో కూర్చొని పొగాకు ధూళి పీలుస్తూ బీడీలు చుట్టే తల్లి ఊపిరితిత్తులకు ఏమవుతున్నది? వెల్డింగు దుకాణంలో, మెకానిక్ షెడ్డులో ముప్పై ఏండ్లు పనిచేసినవాని గుండెకు ఏమవుతున్నది? మరణ నివేదిక ఫారంలో మృతుని మతం, వృత్తి, పొగాకు అలవాటు అన్నీ అడుగుతారు. వైద్య ధ్రువీకరణ పొందిన మరణాలపై ఏటా వెలువడే నివేదికలో వయస్సు వారీగా, లింగం వారీగా, రాష్ట్రం వారీగా పట్టికలుంటాయి. మతం వారీ పట్టిక మాత్రం ఉండదు. జవాబు తీసుకొని దాచిపెట్టడానికైతే ప్రశ్న ఎందుకు?

మతాల వారీగా లెక్కిస్తే సమాజం చీలిపోతుందని కొందరు హితవు చెబుతారు. ఢిల్లీలో జరిగిన ఒక మతసమావేశానికి ముడిపెట్టి కరోనా కేసుల సంఖ్యను 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ పత్రికా సమావేశాలలో ప్రకటించినప్పుడు ఈ హితవు ఎక్కడికి పోయింది? నింద మోపడానికి పనికివచ్చిన లెక్క, చికిత్స అందించడానికి పనికిరాదా?

ప్రభుత్వాన్ని నిలదీసే నోటితోనే మనవారితోనూ రెండు మాటలు అనవలసి ఉన్నది. మయ్యత్‌ను ఆలస్యం చేయకుండా దఫన్ చేయడం మన విధి. మట్టి ఇచ్చి వచ్చిన తరువాత కాగితాన్ని మరచిపోవడం మాత్రం ఏ విధీ కాదు. 'పోయినవారు పోయారు, కాగితమెందుకు' అన్న మాట వితంతువు పింఛనును, అనాథ బిడ్డల వారసత్వాన్ని దెబ్బ తీస్తుంది. 2020, 2021 సంవత్సరాలలో కరోనా కాలపు అదనపు మరణాలు మన దేశంలో సుమారు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ పద్ధతిని కేంద్రం అంగీకరించలేదు. అధికారిక లెక్క ఐదు లక్షలకు లోపే నిలిచింది. సుప్రీంకోర్టు జోక్యంతో 2021లో వచ్చిన యాభై వేల రూపాయల పరిహారం పొందడానికి కావలసినది కన్నీరు కాదు, కారణం రాసిన కాగితం.

చట్టం మన పక్షాననే ఉన్నది. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం 21 రోజులలోగా తెలియజేస్తే నమోదుకు రుసుము లేదు. ఏడాది దాటితే మాత్రం మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. చివరి జబ్బులో చూసిన వైద్యుడు మరణకారణ పత్రాన్ని ఉచితంగా ఇచ్చి తీరాలి. జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మేము చెప్పగలిగినది ఒక్కటే: దస్త్రంలో లేని మనిషి ప్రభుత్వానికి లేని మనిషే.

కనుక ప్రతి మస్జిద్ కమిటీ ఖబ్రస్తాన్ రిజిస్టరులో మరణ నమోదు సంఖ్యకు ఒక గడి చేర్చాలి. ఆ గడి ఖాళీగా ఉంటే, మూడు వారాలు దాటకముందే ఒక యువకుడు ఆ కుటుంబాన్ని వెంటబెట్టుకొని పంచాయతీ కార్యదర్శి వద్దకో మునిసిపల్ కార్యాలయానికో వెళ్లాలి. ఇంటివద్ద జరిగిన ప్రతి మరణానికీ కుటుంబాన్ని అడిగి కారణం నిర్ణయించే పద్ధతిని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అమలుచేయాలి. మరణకారణాలను మతం, కులం, వృత్తి వారీగా, పేర్లు బయటపెట్టకుండా ఏటా ప్రకటించాలి.

ఇది దయ కోసం చేస్తున్న విన్నపం కాదు. మన మరణాలకు కారణం చెప్పమని ఈ దేశ పౌరులుగా మనం అడుగుతున్న లెక్క.