కార్బురేటరు చెడినదా, చెత్త చేరినదా?

నేడు పల్లెయందలి రైతునకు మోటారు సైకిలు విలాసవస్తువు గాదు. ఎరువు బస్తా, పాలబిందె, విత్తనపు సంచి, జబ్బుపడిన బిడ్డ, అన్నియు దానిమీదనే పోవుచున్నవి. అది ఆగినచో ఆనాటి సేద్యపు పని యాగును. అట్టి తొందరలో మరమ్మతుదారుడు “కార్బురేటరు పోయినది, క్రొత్తది వేయవలెను” అనగానే మారుమాట లేక సొమ్ము చెల్లించుట మనలో వాడుకయైనది. ఈ వాడుకను మానవలెనని మా యభిప్రాయము.

2020 ఏప్రిలు 1వ తేదీనుండి అమలైన బి.ఎస్.6 నియమములచేత క్రొత్త బండ్లలో చాలవాటికి ఇంజెక్షను పద్ధతి వచ్చినది. అయినను అంతకు ముందరి కార్బురేటరు బండ్లు మన గ్రామములలో ఇంకను తిరుగుచున్నవి.

కార్బురేటరు చేయు ముఖ్యమైన పని, గాలిని పెట్రోలును తగుపాళ్లలో కలుపుట. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ల గాలి వలయును. అందలి రంధ్రములు మిక్కిలి సన్ననివి. కావున భాగములు అరుగుటకన్న రంధ్రములు పూడుటయే తఱచు.

బండి కదలనిచో మొదటనే కార్బురేటరును విప్పరాదు. టాంకులో పెట్రోలు కలదా, కుళాయి తెరచియున్నదా, ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చుచున్నదా యని చూడవలెను. చోకు వేసినప్పుడే నడచి, తీసినంతనే యాగుచున్నచో పైలట్ జెట్టు పూడినదని తలపవచ్చును. నిలిపిన బండినుండి పెట్రోలు కారుచున్నచో ఫ్లోటు సూదియొద్ద నలుసు చేరియుండును. నల్లని పొగ వచ్చి ప్లగ్గు మసిబారినచో ఎయిర్ ఫిల్టరును చూడవలెను; నూర్పిడి దినములలో అది దుమ్ముతో నిండుట సహజము.

పూడిన జెట్టును పెట్రోలుతో కడిగి గాలి యూదినచో తఱచు సరిపడును. ఇనుపతీగతో పొడువరాదు, ఇత్తడి రంధ్రము పెద్దదైనచో పెట్రోలు వృథాయగును. మరను కదలించుటకు ముందు అది యెన్ని చుట్లు తెరచియున్నదో వ్రాసికొనవలెను. బీడీని, దీపమును దరికి రానీయరాదు.

2025 నాటికి పెట్రోలునందు నూటికి 20 పాళ్ల ఎథనాలు కలుపుట దేశమున అమలునకు వచ్చినది. ఎథనాలు నీటిని పీల్చు గుణము గలది. కావున నెలలకొలది వాడక యుంచు బండి కార్బురేటరునుండియు, పవర్ స్ప్రేయరునుండియు పెట్రోలును తీసివేయుట మేలు.

మరమ్మతుదారు లందరును మోసగాండ్రని మా భావము గాదు. పనితనము గలవారు పలువురు కలరు. నిజముగా అరిగిన భాగమును మార్చుటకు వారే తగినవారు. కాని యేమియు తెలియక పోయినవాడు బేరమున నిలువలేడు. సంఘమువారు స్పానర్ల పెట్టె యొకటి, గాలి పంపు ఒకటి కొని, యేటేట తొలకరికి ముందు ఒక దినము యువకులకు ఈ పని నేర్పించుట యుక్తము. అప్పిచ్చుటయే గాక, అనవసరపు ఖర్చును తప్పించుటయు సహకారమే. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును యోచింతురుగాక.