పడమటి దేశానికి పయనమయ్యే ముందు

గత నెలలో ఒక సోదరి వద్ద నుంచి ఉత్తరం అందింది. భర్త, ఇద్దరు పిల్లలు, అత్తమామలు, మరిది కుటుంబంలోని నలుగురు, ఇలా పదిమందీ కలిసి మొరాకో దేశం చూసి రావాలని సంకల్పించారట. చిన్న బృందాలను తీసుకువెళ్ళే ఒక యాత్రా సంస్థ వారికి ఎనిమిది రోజుల కార్యక్రమ పత్రం పంపింది. పక్షం రోజులలో బయానా కట్టమంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మామగారికి చక్కెర వ్యాధి, రోజూ ఇన్సులిన్. పెట్టబోయేది పదిహేనేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము. ఏమేమి సర్దుకోవాలో తెలియజేయమని ఆ సోదరి కోరారు. రెండేళ్ళ క్రితం పన్నెండుమంది బృందంతో ఆ దేశం చూసి వచ్చాను కనుక, మరికొందరికి కూడా ఉపయోగపడుతుందని సమాధానం ఈ పుటలోనే ఇస్తున్నాను.

సర్దుకోవడం ఒక పూటలో తీరే పని. దాని సంగతి చివర చూద్దాం. అంతకన్నా ముందు, బయానా చెల్లించక మునుపే, పదిమందీ ఒకచోట కూర్చుని ఆ కార్యక్రమ పత్రాన్ని గడియారంతోను, నమాజ్ వేళలతోను, అత్తగారి మోకాళ్ళతోను సరిపోల్చి చూడాలి. అచ్చులో ఉన్న ఆ పత్రం పాతికేళ్ళ వయసు వారిని దృష్టిలో పెట్టుకుని తయారైనది. సొమ్ము కట్టక ముందు మార్చమంటే సంస్థవారు మారుస్తారు. కట్టిన తరువాత దానికి తగినట్లు మీరే మారవలసి వస్తుంది.

ఆ పత్రంలో కాసాబ్లాంకా, రబాత్, షెఫ్‌షావెన్, ఫెస్, మెర్జూగా ఇసుక దిబ్బలు, ఐత్ బెన్ హద్దూ కోట, మర్రాకేష్ అన్నీ ఉన్నాయి. పటం మీద ఇవన్నీ అరచేతిలో ఇమిడినట్లే కనిపిస్తాయి. అయితే ఫెస్ నుంచి మెర్జూగాకు సుమారు 470 కిలోమీటర్లు, అక్కడి నుంచి మర్రాకేష్‌కు సుమారు 560 కిలోమీటర్లు. రెండు దారులూ అట్లస్ పర్వతాలను దాటవలసినవే. మర్రాకేష్‌కు దిగే ముందు వచ్చే తీజీ న్ తీష్కా కనుమ సముద్ర మట్టానికి సుమారు 2,260 మీటర్ల ఎత్తున ఉంది. మలుపులకు కడుపులో తిప్పని వారు అరుదు. ఆగుతూ సాగుతూ పోతే ఒక్కొక్క దారికి ఒక పగలంతా పడుతుంది. మా బృందంలో అరవై దాటిన ఒక పెద్దమనిషికి ఎడారి చేరేసరికి, ఒంటె ఎక్కడం మాట అటుంచి, కారు దిగడమే గగనమైంది.

కనుక ఎడారిని, షెఫ్‌షావెన్‌ను కొట్టివేయమన్నది నా సలహా. కాసాబ్లాంకా, రబాత్, ఫెస్, మర్రాకేష్ నాలుగూ రైలు మార్గం మీదనే ఉన్నాయి. ఫెస్‌లో మూడు రాత్రులు, మర్రాకేష్‌లో మూడు రాత్రులు, మిగిలినవి కాసాబ్లాంకాలో గడిపితే పెద్దలకు ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. పిల్లలు ఎడారి కోసం పట్టుబడతారు. మర్రాకేష్‌కు దగ్గరలోనే అగఫాయ్ అనే ఎడారి ఉంది, ఒక సాయంకాలంలో చూసి రావచ్చు. కానీ అది రాళ్ళ నేలే తప్ప ఇసుక తిన్నెలు కావని వారికి ఇక్కడే చెప్పండి, అక్కడికి వెళ్ళాక అలగకుండా.

వేసవి సెలవులలో వెళ్ళాలన్న ఆలోచన కూడా పునఃపరిశీలించండి. జూలై, ఆగస్టు మాసాలలో మర్రాకేష్ ఎండ మన రామగుండం ఎండకు తీసిపోదు. చలికాలంలో కొండల మీద మంచు పడుతుంది, గదులలో వెచ్చదనం అంతంతమాత్రం. మార్చి నుంచి మే వరకు, మళ్ళీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు అనువైన కాలం.

ఇక గడియారం. 2018 నుంచి ఆ దేశం ఏడాది పొడవునా మన కన్నా నాలుగున్నర గంటలు వెనుక ఉంటున్నది, రమజాన్ మాసంలో మాత్రం ఐదున్నర గంటలు. సూర్యుని లెక్కకు గడియారం ముందు నడుస్తుంది కనుక జుహర్ వేళ మధ్యాహ్నం ఒంటిగంట దాటాకనే ప్రవేశిస్తుంది. డిసెంబరులో సూర్యోదయం ఎనిమిది తరువాత. జూన్‌లో మగ్రిబ్ రాత్రి ఎనిమిదిన్నర దాటాక, ఇషా ముగిసేసరికి పిల్లలు నిద్రలో తూలుతుంటారు. ఈ వేళలు ముందుగా రాసి పెట్టుకుని, ప్రతిరోజూ వాహనం ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో సంస్థవారి చేత పత్రంలో రాయించండి. ఆపుతాములే అన్న నోటిమాట చాలదు. వారి రహదారుల మీద విశ్రాంతి స్థలాలలోను, అనేక పెట్రోలు బంకులలోను నమాజ్ గదులు ఉన్నాయి. స్త్రీలకు మస్జిద్‌లలో వేరే ద్వారం, వేరే భాగం ఉంటాయి. మన ఊళ్ళలో దారి మధ్యలో నమాజ్ కోసం ఇబ్బంది పడే సోదరీమణులకు ఇది గొప్ప వెసులుబాటు. అయితే రెండు నమాజ్‌ల మధ్య మస్జిద్‌లకు తాళం వేయడం అక్కడ వాడుక. జమాఅత్ వేళకే చేరుకోవాలి.

మగ్రిబ్ అంటే సూర్యుడు అస్తమించే దిక్కు. అరబ్బీలో ఆ దేశం పేరే అది. మనం ఇక్కడ పుట్టినది మొదలు పడమటికి తిరిగి నమాజ్ చేస్తున్నాము. ఆ పడమటి దేశంలో ఖిబ్లా తూర్పున ఉంటుంది. హోటల్ గదిలో నిద్రమత్తులో అలవాటు చొప్పున తిరిగి నిలబడే ప్రమాదం పెద్దలకే ఎక్కువ. గదిలోకి అడుగుపెట్టగానే ఒకరు దిక్కు చూసి జానమాజ్ పరచి ఉంచాలి. కొన్ని పురాతన మస్జిద్‌లలో మిహ్రాబ్ తూర్పు నుంచి బాగా దక్షిణానికి ఒరిగి కనిపిస్తుంది. అది పాత విద్వాంసుల లెక్క. జమాఅత్‌లో ఉన్నప్పుడు ఫోన్‌లోని దిక్సూచి తీసి వాదానికి దిగవద్దు.

మాలికీ మస్లక్ అనుసరించే వారి వెనుక నిలబడే ముందు పిల్లలకు నాలుగు మాటలు చెప్పి తీసుకువెళ్ళండి. వారిలో చాలామంది చేతులు కట్టుకోక వదిలివేసి నిలబడతారు. తరచుగా ఇమామ్ ఒకే సలామ్‌తో నమాజ్ ముగిస్తారు, మనం రెండవ వైపు సలామ్ చేసుకుంటే సరిపోతుంది. పఠనం వర్ష్ రివాయత్‌లో సాగుతుంది, మనది హఫ్స్. ఫాతిహా సూరాలోనే ఒక పదాన్ని వారు దీర్ఘం లేకుండా పఠిస్తారు. హిఫ్జ్ చేస్తున్న మన పిల్లవాడు ఇమామ్ పొరబడ్డారనుకుని లుఖ్మా ఇవ్వబోయే అవకాశం ఉంది. వారి అసర్ మన హనఫీ లెక్క కన్నా ముందుగా వస్తుంది. అందుకని జమాఅత్ వదులుకోవద్దని నా అభిప్రాయం. ఇమామ్ అబూ హనీఫా గారి శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మతుల్లాహి అలైహిమ్) ఇద్దరూ నీడ ఒక వంతు కాగానే అసర్ ప్రవేశిస్తుందన్నవారే. పదిహేను రోజుల కన్నా తక్కువ ఉంటారు కనుక మీరు ముసాఫిర్లు. విడిగా చేసినప్పుడు నాలుగు రకాతుల ఫర్జ్‌లు రెండే. స్థానిక ఇమామ్ వెనుక పూర్తిగా నాలుగు చేయాలి. చలి ఉదయాలలో తోలు మేజోళ్ళ మీద మసహ్ చేసుకునే సౌలభ్యం ముసాఫిర్‌కు మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఉన్నది. పెద్దలకు ఒక జత కొనిపెట్టండి.

ఈ తేడాలు కొత్తవి కావు. తన్జా నగరం నుంచి 1325లో, 21వ ఏట, హజ్ కోసం బయలుదేరిన ఇబ్న్ బతూతా చివరకు ఢిల్లీ చేరారు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయనను ఖాజీగా నియమించబోతే, తాను మాలికీని, ఇక్కడివారు హనఫీలు, పైగా తనకు ఈ భాష రాదు అని మనవి చేసుకున్నారు. సుల్తాన్ ఆయనకు సహాయకులను ఇచ్చి ఆ పదవిలోనే కూర్చోబెట్టారు. మనం ఎనిమిది రోజులకు వెళ్తున్నాము, అంతే తేడా.

ఫెస్ నగరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తయారీ లోపిస్తే అక్కడే తెలిసిపోతుంది. పాత నగరంలోకి మోటారు వాహనాలు రావు. సందులు కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు, ఎగుడుదిగుళ్ళు, రాతి మెట్లు. సామాన్లు తోపుడు బండ్ల మీద వెళ్తాయి. వెనుక నుంచి "బాలక్" అన్న కేక వినిపిస్తే గోడకు ఒదిగి నిలబడండి, బరువు మోస్తున్న కంచరగాడిద వస్తున్నదని అర్థం. అక్కడి విడిది గృహాలను రియాద్ అంటారు. నడుమ వాకిలి, చుట్టూ మూడు నాలుగు అంతస్తుల గదులు, నిటారైన మెట్లు, సాధారణంగా లిఫ్టు ఉండదు. అత్తగారికి కింది అంతస్తు గది కావాలని బయానాతో పాటే రాయించుకోండి. గదుల కిటికీలు తరచు లోపలి వాకిలి వైపే తెరుచుకుంటాయి. పర్దా పాటించే ఇంటివారు మీ పదిమందికే మొత్తం రియాద్ దొరుకుతుందేమో అడిగి చూడండి. పదిమందికి అది అసాధ్యమేమీ కాదు.

ఆ సందుల నడుమనే ఖరవియ్యీన్ మస్జిద్ ఉంది. 859లో ఫాతిమా అల్ ఫిహ్రియ్యా అనే మహిళ వారసత్వపు సొమ్ముతో దానిని స్థాపించారని ప్రసిద్ధి. ముస్లిమేతరులకు లోపల ప్రవేశం లేదు. మన ముఖాలు చూసి ద్వారం వద్ద ఎవరైనా ఆపితే నొచ్చుకోకుండా సలామ్ చెప్పి, ముస్లిములమని తెలపండి. దానికి సమీపంలోని అత్తారీన్ మద్రసా, కొంచెం ఎగువన బూ ఇనానియ్యా మద్రసా, రెండూ పద్నాలుగవ శతాబ్దపు కట్టడాలు. మర్రాకేష్‌లోని బెన్ యూసుఫ్ మద్రసాలో విద్యార్థుల గదులు 130 వరకు ఉన్నాయి. అందరూ వాకిట్లోని పింగాణీ పలకల ముందు ఫోటోలు దిగి బయటపడతారు. పిల్లలను మేడ మీదికి తీసుకువెళ్ళి ఆ గదులు చూపించండి. చాప పరిస్తే నిండిపోయే చోట ఏళ్ళ తరబడి చదువుకున్నారు. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను ఆ గడప వద్ద ఎక్కువసేపే నిలబడ్డాను. కాసాబ్లాంకాలోని హసన్ ద్వితీయుని మస్జిద్, 1993లో పూర్తయినది, మినారు ఎత్తు 200 మీటర్ల పైనే. సందర్శకులకు టికెట్టు ఉంటుంది, నమాజ్‌కు వచ్చేవారికి ఉండదు. జుమా రోజున ఫెస్ బజారు చాలావరకు మూసి ఉంటుంది. కొనుగోళ్ళు ఆ రోజుకు పెట్టుకోవద్దు.

డబ్బు సంగతి. వారి నాణెం పేరూ దిర్హమే కానీ దుబాయి దిర్హమ్ కాదు. గల్ఫ్‌లో పనిచేసిన మరిది ఇంట్లో మిగిలిన నోట్లు తెస్తానంటే వారించండి. మొరాకో దిర్హమ్ 10 రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. దేశం దాటించడానికి 2,000 దిర్హమ్‌ల పరిమితి ఉంది కనుక అక్కడికి చేరాకనే మార్చుకోవాలి. యూరోలో డాలర్లో తీసుకువెళ్ళండి, మార్పిడి రసీదులు దాచండి. బజారులో నగదే నడుస్తుంది. బేరం తప్పు కాదు, కానీ కొనే ఉద్దేశం లేనప్పుడు బేరం మొదలుపెట్టి దుకాణదారుని చేత పది తివాచీలు విప్పించడం న్యాయం కాదు. మా బృందాన్ని తీసుకుపోయిన గైడు ఒకే పగలు మూడు దుకాణాలకు నడిపించాడు. అతని కమీషను కోసం మా జుహర్ ఆలస్యమైంది. దుకాణ సందర్శనలు ఎన్నో, ఏవో పత్రంలో ఉండాలి. "ఈ దారి మూసేశారు, నా వెంట రండి" అని సందులో పలకరించే వారికి "లా, షుక్రన్" చెప్పి సాగిపోండి.

డబ్బు ప్రస్తావన వచ్చింది కనుక కటువైనా ఒక మాట. మీ మామగారిపై హజ్ విధి అయి ఉండి ఇంకా నెరవేరలేదంటే, ఆ పదిహేనేళ్ళ పొదుపులో ఆయన వాటాపై మొదటి హక్కు హజ్‌దే. ఇన్సులిన్ తీసుకునే మనిషికి ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ప్రయాణం తేలిక కాదు. ఈ ప్రశ్న కూడా ఆ పదిమంది కూర్చున్నప్పుడే, ఆయన ఎదుటనే తేలాలి. ఎవరి అప్పులైనా తీరవలసి ఉంటే అవి కూడా.

అదే కూర్పులో ఒకరిని అమీర్‌గా ఎంచుకోండి. ముగ్గురు ప్రయాణించినా ఒకరిని నాయకునిగా చేసుకోవాలన్నది ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) బోధన. వయసులో పెద్దవారే కానక్కరలేదు, ఓపిక గలవారు కావాలి. ఖర్చుల సంచి ఇంకొకరి వద్ద ఉంటే మంచిది. అన్నదమ్ముల కుటుంబాల మధ్య మనస్పర్థలు పెద్ద విషయాలకు రావు, భోజనం బిల్లు దగ్గర వస్తాయి.

కాగితాలు. మనకు వీసా తప్పనిసరి. మనలో "షేక్", "సయ్యద్", "పఠాన్" ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరుగా, తోబుట్టువు పాస్‌పోర్టులో పేరు ముందు ఉండటం మామూలే. టికెట్టు, వీసా దరఖాస్తు రెండింటిలోనూ అక్షరం తేడా లేకుండా పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, గల్ఫ్ నగరాల మీదుగానో ఇస్తాంబుల్ మీదుగానో వెళ్ళాలి. కనుక ఇన్సులిన్, మందులు వైద్యుని చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి. కాల తేడాకు ఇన్సులిన్ వేళలు ఎలా మార్చాలో వైద్యుని చేత రాయించుకోండి.

ఇక సర్దుకోవలసినవి. మన ప్లగ్గులు అక్కడ పట్టవు, యూరపు తరహా అడాప్టరు కావాలి. శౌచాలయంలో నీటి గొట్టం అన్నిచోట్లా ఉండదు, తేలికపాటి చెంబు ఒకటి. మడమ పట్టే చెప్పులు. మాంసం హలాలేనన్న నిశ్చింత ఉన్నది, కొన్ని హోటళ్ళలో మద్యం వడ్డిస్తారు కనుక భోజనశాల ముందుగా అడగండి. వారి తాజీన్, కుస్‌కుస్ రుచికరమే కానీ కారం ఉండదు. మూడవ రోజుకు పెద్దలు ఆవకాయ అడుగుతారు, సీసా బిగించి పెట్టెలో పెట్టండి. డ్రోన్ తీసుకుపోవద్దు, విమానాశ్రయంలోనే స్వాధీనం చేసుకుంటారు. జామిఉల్ ఫనా మైదానంలో నల్లని మెహందీ పెడతామని చెయ్యి పట్టుకుంటారు, దానిలోని రసాయనానికి చర్మం పొక్కుతుంది. ఆడపిల్లలకు ముందే చెప్పండి. పిల్లలు ప్రతి ఒక్కరి జేబులో విడిది పేరు, ఫోన్ నంబరు అరబ్బీలో రాసిన చీటీ ఉండాలి. ఊరు మారిన ప్రతిసారీ పాత చీటీ తీసివేసి కొత్తది పెట్టండి.